బైపాస్ మీద లోక్‌సభలో జవాబు వచ్చింది, మా రెండెకరాలు ఉన్నట్టా పోయినట్టా?

ప్రశ్న: మా ఊరి పక్క నుంచి జాతీయ రహదారి బైపాస్ వస్తుందంటున్నారు. సర్వే వాళ్లు వచ్చి రాళ్ల మీద ఎర్ర రంగు గుర్తులు పెట్టి వెళ్లారు. ఊరి చివర కేంద్ర పురావస్తు శాఖ కింద ఉన్న పాత గుడి ఒకటుంది. దానికి కాస్త దూరంలో మాకు రెండెకరాలు. ఎంపీ గారు లోక్‌సభలో అడిగితే "(ఎ) నుంచి (డి): ప్రతిపాదిత బైపాస్ డీపీఆర్ (సవివర ప్రాజెక్టు నివేదిక) దశలో ఉంది. భూసేకరణ నిబంధనల ప్రకారం జరుగుతుంది. భూమి రాష్ట్ర జాబితాలోని అంశం" అని జవాబిచ్చారు. గుడి గురించి ఎమ్మెల్యే గారు అసెంబ్లీలో అడిగితే "లేదండి. ప్రశ్న ఉత్పన్నం కాదు" అన్నారు. రోడ్డు రద్దయినట్టేనని మా బాబాయి, భూమి పోయినట్టేనని పక్క రైతు. ఈలోగా ఒకాయన తక్కువ ధరకు కొంటానని తిరుగుతున్నాడు. ఏది నమ్మాలి?

జవాబు:

మీ బాబాయి గారూ, పక్క రైతూ ఇద్దరూ తొందరపడ్డారు. సభలో మంత్రి ఇచ్చే జవాబుతో సెంటు భూమి కూడా ఎవరి చేతిలోంచి పోదు, ఏ రోడ్డూ ఆగదు. జాతీయ రహదారికి మీ భూమి పోవాలంటే 1956 నాటి జాతీయ రహదారుల చట్టం కింద గెజిట్ రావాలి. అది వచ్చిందా లేదా అన్నది ఆ జవాబులో లేదు. బహుశా మీ ఎంపీ గారి ప్రశ్నలోనూ లేదు.

నేను రెవెన్యూలో చేసి రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం భూసేకరణ సెక్షన్లోనే గడిచింది. ఇలాంటి జవాబులకు కింది నుంచి నోట్ రాసి పంపిన అనుభవం ఉంది కాబట్టి, ముందు అవి ఎలా తయారవుతాయో చెబుతాను. అది తెలిస్తే చదవడం సులువవుతుంది.

అసెంబ్లీ ప్రశ్నను ఆఫీసుల్లో ఎల్‌ఏక్యూ అంటాం. సాయంత్రం అందరూ బ్యాగులు సర్దుకునే వేళకు ఫోన్ వస్తుంది: "ఎల్‌ఏక్యూ వచ్చింది, రేపు పదింటికల్లా నోట్ కావాలి." ఇక టెన్షన్ మొదలు. తహసీల్దారు ఆఫీసు నుంచి విస్తీర్ణం రావాలి, సర్వేయర్ సబ్‌డివిజన్ రికార్డు ఇవ్వాలి. సర్వేయర్ ఎక్కడో చెరువు గట్టు మీద ఉంటాడు, ఫోన్ కలవదు. రాత్రి తొమ్మిదింటికి చేతికొచ్చేవి రెండు కాగితాలు. ఒకే సర్వే నంబరుకు ఒకదాంట్లో ఎకరం ఇరవై సెంట్లు, ఇంకోదాంట్లో ఎకరం ముప్పై రెండు. ఏ అంకె వేసినా రేపు సభలో తప్పని తేలితే మంత్రి గారికి ఇబ్బంది, మనకు మెమో. అప్పుడు సీనియర్ అసిస్టెంట్ అంకె అవసరం లేని వాక్యం ఒకటి రాస్తాడు: "భూసేకరణ వివిధ దశల్లో ఉంది." అది కలెక్టరేట్ దాటి, సెక్రటేరియట్ దాటి, మంత్రి గారి నోట అలాగే బయటికొస్తుంది. మర్నాడు పేపర్లో చదివి మీ ఊళ్లో రెండు వర్గాలు తయారవుతాయి.

పార్లమెంటు ప్రశ్నకు టైం కాస్త ఎక్కువే ఉంటుంది. ఎంపీ పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ప్రశ్న ఢిల్లీలో మంత్రిత్వ శాఖకు, అక్కడి నుంచి ప్రాంతీయ కార్యాలయానికి, ఆ తర్వాత ప్రాజెక్టు డైరెక్టరుకు వెళ్తుంది. ఒక్కోసారి కలెక్టరు దాకా దిగుతుంది. కానీ జవాబు రాసేవాడి ధ్యాస అంతా ఒకే చోట ఉంటుంది: అడిగినదానికి అబద్ధం చెప్పకూడదు, అడగనిది చెప్పకూడదు. ఇందులో కుట్రేమీ లేదు. అదనంగా రాసిన ప్రతి ముక్కకూ రేపు మంత్రి బాధ్యుడవుతాడు, అంతే.

అందుకే ప్రశ్న చూడకుండా జవాబు ఒక్కటీ చదవకండి. సంసద్ డాట్ ఇన్‌లో ఎంపీ పేరు కొట్టినా, మంత్రిత్వ శాఖ పేరు కొట్టినా ప్రశ్నా జవాబూ కలిపి పీడీఎఫ్ దొరుకుతుంది. నక్షత్రం గుర్తున్న ప్రశ్న అయితే మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలు కూడా వేయొచ్చు. లోక్‌సభలో రోజుకు అలాంటివి 20 మాత్రమే. గుర్తు లేనివి రోజుకు 230 దాకా ఉంటాయి. వాటికి రాతపూర్వక జవాబు సభ ముందు పెట్టేస్తారు, ఎదురు ప్రశ్న ఉండదు. మీది రెండో రకమే అయి ఉంటుంది.

ఇప్పుడు మీ జవాబు. "(ఎ) నుంచి (డి)" అని నాలుగు భాగాలకూ కలిపి ఒకే పేరా ఇచ్చారు చూశారా? నా అనుభవంలో అలా కలిపినప్పుడు ఏదో ఒక భాగానికి జవాబు ఉండదు. నాలుగు ఉపప్రశ్నలూ పక్కన పెట్టుకుని ఏ వాక్యం దేనికి జవాబో పెన్సిల్‌తో గీసుకోండి. గీత పడని ప్రశ్నే మీకు కావాల్సింది. గుడి గురించీ, ఎన్ని ఎకరాలు అనీ అడిగి ఉంటే ఆ రెండిటికీ గీత పడదు. రోడ్డు రవాణా శాఖ దగ్గర గుడి ఫైలు ఉండదు, అది సంస్కృతి శాఖది. ఒకే ప్రశ్నలో రోడ్డు, భూమి, గుడి కలిపితే అది ఒక శాఖకే వెళ్తుంది. మిగతా రెండూ నీటి మీద రాతలే.

"భూమి రాష్ట్ర జాబితాలోని అంశం" అన్న వాక్యం చూసి మీ పక్క రైతు, కేంద్రం చేతులెత్తేసింది, ఇక రాష్ట్రం లాక్కుంటుంది అనుకుని ఉంటాడు. రాజ్యాంగంలో భూమి రాష్ట్ర జాబితాలో 18వ అంశం, అది నిజమే. కానీ భూసేకరణ ఉమ్మడి జాబితాలో 42వది, జాతీయ రహదారులు కేంద్ర జాబితాలో 23వది. జాతీయ రహదారికి భూమి తీసుకునే గెజిట్ ఇచ్చేది కేంద్రమే. మన ఆర్డీఓ గారో, జాయింట్ కలెక్టర్ గారో అందులో 'కాంపిటెంట్ అథారిటీ' (భూసేకరణ జరిపే అధికారి) హోదాలో పనిచేస్తారు. కాబట్టి ఆ వాక్యం నిజమే గానీ, మీ బైపాస్‌కు దాంతో పెద్దగా పని లేదు. పేరా పూర్తి చేయడానికి వాడే వాక్యమది.

"డీపీఆర్ దశలో ఉంది" అన్నదే అందులో అసలు సమాచారం. దానర్థం అలైన్‌మెంట్, అంటే రోడ్డు పోయే గీత, ఇంకా మారే వీలుంది. ఎర్ర గుర్తులు సర్వే గుర్తులు. ఒక్కో ప్రాజెక్టుకు రెండు మూడు అలైన్‌మెంట్లు గీసి పోల్చి చూస్తారు.

ఇక అసెంబ్లీ జవాబు. అక్కడ ప్రశ్న అచ్చు ఇలా ఉంటుంది: "(అ) ఫలానా గుడికి రోడ్డు వల్ల నష్టం కలుగుతున్న విషయం వాస్తవమేనా? (ఆ) అయినచో, తీసుకుంటున్న చర్యలేమిటి?" (అ)కు "లేదండి" అనేస్తే (ఆ) తనంతట తానే పడిపోతుంది, "ఉత్పన్నం కాదు". ఇంకా కట్టని రోడ్డు వల్ల ఇప్పటికే నష్టం జరుగుతోందా అని అడిగితే ఎవరైనా లేదనే అంటారు కదా! పైగా గుడి కేంద్ర పురావస్తు శాఖది, రాష్ట్ర శాఖ రికార్డుల్లో దాని కదలిక ఉండదు. ఈ జవాబును పక్కన పడేయండి, దాన్ని పట్టుకుని ఎవరితోనూ వాదించకండి.

పడేయకూడని మాటలు కొన్ని వేరే ఉన్నాయి. "విషయం పరిశీలనలో ఉంది", "సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం", "విచారణ జరుపుతున్నాం". ఇవి చాలామందికి దాటవేతలా కనిపిస్తాయి. కానీ సభ లెక్కలో ఇలాంటివి హామీలు. లోక్‌సభలో 1953 నుంచీ ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. ఏ మాటలు వాడితే హామీ కింద లెక్కించాలో ఒక జాబితా ఉంది. అలా నమోదైన హామీని శాఖ మూడు నెలల్లో నెరవేర్చాలి, లేదంటే గడువు పెంచమని అడగాలి, లేదా తొలగించమని కారణం చూపాలి. రాష్ట్ర శాసనసభల్లోనూ ఇలాంటి కమిటీ ఉంటుంది. ఎంపీ ఆఫీసుకు వెళ్లి "మీరు అడిగిన ఫలానా నంబరు ప్రశ్నకు ఇచ్చిన హామీ పెండింగులో ఉంది, ఒకసారి రాయండి" అంటే పని కదులుతుంది. "రోడ్డు సంగతి చూడండి సార్" అని ఉత్తినే అడిగితే ఓ నమస్కారంతో సరిపెడతారు. జవాబులో తప్పుందని కాగితంతో చూపించగలిగితే, స్పీకర్ ఆదేశాల్లో 115వది ఉంది. దాని కింద సభ్యుడు ఆ తప్పును స్పీకర్ దృష్టికి తేవచ్చు. సంగతి అక్కడిదాకా పోకూడదనే శాఖలు ముందే జాగ్రత్త పడతాయి.

దారి మళ్లి రైల్వే సంగతి ఒకటి చెబుతాను, మీకూ పనికొస్తుంది. రైల్వే శాఖ జవాబులు చదివేవాళ్లకు రెండు వాక్యాలు కంఠతా వచ్చేస్తాయి. ప్రాజెక్టుల మంజూరు నిరంతర ప్రక్రియ అని ఒకటి. ప్రాజెక్టులను రాష్ట్రాల వారీగా కాకుండా జోన్ల వారీగా మంజూరు చేస్తాం, ఎందుకంటే అవి రాష్ట్రాల సరిహద్దులు దాటిపోతాయి అని రెండోది. వాటి కింద పట్టిక ఉంటే చదవండి, లేకపోతే ఆపేయండి. కోనసీమ వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. కోటిపల్లి–నర్సాపురం లైను 2000-01లో మంజూరైంది, పొడవు సుమారు 57 కిలోమీటర్లు, గోదావరి మూడు పాయల మీద వంతెనలు కావాలి. దాని మీద ఎన్ని సభల్లో ఎన్ని ప్రశ్నలు పడ్డాయో! ప్రతిసారీ జవాబు వచ్చింది, దశాబ్దాలు గడిచిపోయాయి. విభజన చట్టం పదమూడో షెడ్యూల్లో కొత్త రైల్వే జోన్ గురించి ఉన్నది కూడా ఆరు నెలల్లో "పరిశీలించాలి" అనే. 2014 జూన్ 2 నుంచి లెక్క మొదలైతే జోన్ ప్రకటన 2019 ఫిబ్రవరిలో వచ్చింది. సర్వే మంజూరు వేరు, పని మంజూరు వేరు, డబ్బు కేటాయింపు వేరు. మీ బైపాస్‌కూ ఈ మూడూ విడివిడిగానే అడగాలి.

గుడి దగ్గరికి వద్దాం. మీ బాబాయి గారి ధీమా దాని మీదే అనుకుంటాను. 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం. దాని తర్వాత మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. నిషిద్ధ ప్రాంతంలో కొత్త కట్టడానికి అనుమతి లేదు, ప్రజావసరాల ప్రాజెక్టు అయినా సరే. ఉన్న కట్టడాల మరమ్మతులకు మాత్రం అనుమతి అడగొచ్చు. నియంత్రిత ప్రాంతంలో కట్టాలంటే జాతీయ కట్టడాల ప్రాధికార సంస్థ సిఫారసు ఉండాలి. కేంద్ర ప్రాజెక్టులకు ఈ 100 మీటర్ల నిషేధం సడలించాలని తెచ్చిన బిల్లు 2018 జనవరి 2న లోక్‌సభలో నెగ్గింది కూడా. రాజ్యసభ దాన్ని సెలెక్ట్ కమిటీకి పంపింది, అది చట్టం కాలేదు. పాత పేపరు కటింగు చూపించి "ఇప్పుడు కట్టుకోవచ్చట" అనేవాళ్లు తగిలితే ఈ సంగతి చెప్పండి.

అయితే ఇందులో మీకో చిక్కుంది. గుడి ఉందని రోడ్డు ఆగిపోదు, పక్కకు జరుగుతుంది. ఎటు జరుగుతుందన్నదే మీ సమస్య. ఇప్పుడున్న గీత గుడికి 80 మీటర్ల దూరంలో పోతోందనుకోండి. రేపు అభ్యంతరం వచ్చి దాన్ని ఇంకో 30, 40 మీటర్లు అవతలికి నెడితే, అది నేరుగా మీ చేలోకి రావచ్చు. గుడిని అడ్డం పెట్టి అర్జీలు రాసే ముందు దూరం కొలిపించుకోండి. కొలత గోపురం నుంచో ధ్వజస్తంభం నుంచో కాదు, రక్షిత ప్రాంతం హద్దు నుంచి. చాలాచోట్ల ఆ హద్దు ప్రహరీ దాటి ఉంటుంది. ఏ సర్వే నంబరులో ఎంత భాగం రక్షిత ప్రాంతమో పురావస్తు శాఖ సర్కిల్ ఆఫీసులో ఉంటుంది. గుడి నిజంగా కేంద్ర జాబితాలోదేనా అన్నది కూడా చూసుకోండి. గేటు దగ్గర నీలం బోర్డు ఉంటే చాలు అనుకోకండి. రాష్ట్ర పురావస్తు శాఖదైతే చట్టం వేరు, దేవాదాయ శాఖది మాత్రమే అయితే ఈ మీటర్ల లెక్కే వర్తించదు.

జాబితాలో పేరున్నంత మాత్రాన కట్టడం క్షేమంగా ఉంటుందన్న గ్యారంటీ కూడా లేదు. 2013లో ప్రభుత్వ ఖాతాలు తనిఖీ చేసే కాగ్ చూస్తే 92 కేంద్ర రక్షిత కట్టడాల జాడ తెలియలేదు. తర్వాత కొన్ని దొరికాయి. మిగిలిన 50లో 14 పట్టణీకరణకు బలయ్యాయని, 12 జలాశయాల్లో మునిగాయని, 24 ఎక్కడున్నాయో తెలియడం లేదని సంస్కృతి శాఖ పార్లమెంటు స్థాయీ సంఘానికి చెప్పింది. ప్రభుత్వం ఇచ్చిన సమాధానాల్లో నేను మెచ్చుకునేది ఇలాంటిది: అంకె ఉంది, కారణం ఉంది, తెలియనిది తెలియదని ఉంది. ఇలాంటిది రాబట్టాలంటే అడిగేవాళ్లు కూడా అంత గట్టిగా అడగాలి. హైదరాబాద్‌లోని పాత ప్యాలెస్ ఇర్రం మంజిల్ సంగతి చూడండి. కొత్త అసెంబ్లీ కోసం దాన్ని కూలగొట్టాలన్న నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. అక్కడ నిలబడింది ఫైళ్లూ నిబంధనలూ, సభలో ఎవరేమన్నారన్నది కాదు.

ఇప్పుడు మీ రెండెకరాలకు నిజంగా ముఖ్యమైన వరస. మొదట జాతీయ రహదారుల చట్టంలోని 3ఎ (పెద్ద 'ఎ') సెక్షన్ కింద నోటిఫికేషన్. భూమి తీసుకోవాలనుకుంటున్నామని గెజిట్లో వస్తుంది. సారాంశాన్ని రెండు స్థానిక పత్రికల్లో వేయాలి, వాటిలో ఒకటి స్థానిక భాషలో ఉండాలి. గెజిట్లో వచ్చిన రోజు నుంచి 21 రోజుల్లో 3సి కింద కాంపిటెంట్ అథారిటీకి రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలి. నేను చూసిన రైతుల్లో సగానికి సగం మంది ఇక్కడే దెబ్బతిన్నారు. పేపర్లో వచ్చిన తేదీ నుంచి లెక్కేసుకుని నింపాదిగా వస్తారు, అప్పటికి గడువు అయిపోయి ఉంటుంది. అభ్యంతరంలో "నాకు భూమి ఇవ్వడం ఇష్టం లేదు" అని రాస్తే ఒక్క లైనుతో కొట్టేస్తారు. సర్వే నంబరు తప్పు పడిందని, విస్తీర్ణం తేడా ఉందని, బోరో బావో గుర్తించలేదని, ఫలానా మ్యాపు ప్రకారం పక్కనే పోరంబోకు ఉందని ఇలా పరిశీలించక తప్పని సంగతులు రాయండి. అక్నాలెడ్జిమెంట్ లేకుండా కాగితం ఇవ్వకండి.

3ఎ వచ్చిన ఏడాదిలోగా 3డి ప్రకటన రాకపోతే ఆ 3ఎ చెల్లదు. కోర్టు స్టే ఉన్న కాలాన్ని మాత్రం లెక్కలోంచి తీసేస్తారు. 3డి వచ్చిందంటే భూమి కేంద్రానికి దఖలు పడినట్టే. ఆ తర్వాత మాట్లాడుకోవాల్సింది పరిహారం గురించే. 3జి కింద అవార్డు, అది చాలదనుకుంటే ఆర్బిట్రేటర్ దగ్గరికి. 2015 నుంచి 2013 భూసేకరణ చట్టంలోని పరిహారం లెక్క జాతీయ రహదారులకూ వర్తిస్తోంది. అంటే మార్కెట్ విలువ, గ్రామాల్లో దాని మీద గుణకం, ఆపైన నూరు శాతం సొలేషియం (బలవంతంగా తీసుకున్నందుకు ఇచ్చే అదనపు మొత్తం).

ఈ మార్కెట్ విలువ ఎలా కడతారో వింటే ఆ కొంటానని తిరిగే పెద్దమనిషి సంగతి మీకే అర్థమవుతుంది. నోటిఫికేషన్‌కు ముందు మూడేళ్లలో ఆ ఊళ్లో, చుట్టుపక్కల జరిగిన అదే రకం భూముల రిజిస్ట్రేషన్లు తీసి, వాటిలో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటు చూస్తారు. రిజిస్ట్రేషన్ శాఖ విలువ అంతకంటే ఎక్కువుంటే దాన్నే తీసుకుంటారు. మన ఊళ్లలో ఎకరం ఎంతకు కొన్నా దస్తావేజులో పుస్తకం ధరే వేయిస్తారు కదా, స్టాంపు డ్యూటీ మిగులుతుందని. అలా మిగుల్చుకున్నదంతా ఇక్కడ ఊరంతా పోగొట్టుకుంటుంది. ఎన్నిసార్లు చెప్పినా జనం వినరు, రిజిస్ట్రార్ ఆఫీసు ముందు డాక్యుమెంట్ రైటరు మాటే వేదం. ఇక ఆ కొంటానన్న పెద్దమనిషి మీకిచ్చే తక్కువ ధర ఇప్పుడు, వచ్చే పరిహారం తర్వాత, మధ్యలో తేడా ఆయన జేబులోకి. అలైన్‌మెంట్ మారితే మటుకు ఆయన చేతిలో మామూలు పొలం మిగులుతుంది. ఆ రిస్కుకే తక్కువ అడుగుతున్నాడు. మీకు డబ్బు అత్యవసరమైతే అమ్ముకోండి, అది వేరే సంగతి. సభలో జవాబు చూసి భయపడి మాత్రం అమ్మకండి.

మీరుండేది పట్టణాభివృద్ధి సంస్థ పరిధి అయితే మాస్టర్ ప్లాన్ కూడా తిరగేయండి. అందులో రోడ్డు గీత ఉంటే భూమి పోయినట్టు కాదు గానీ, ఇంటి అనుమతి దగ్గర ఇబ్బంది పెడతారు. ముసాయిదా దశలో అభ్యంతరాలకు బలముంటుంది. 2023 జనవరిలో కామారెడ్డి రైతులు రోడ్డెక్కాక అక్కడి మున్సిపల్ కౌన్సిల్ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానించింది.

ఇక మీరు చేయాల్సింది. ఎంపీ గారితో మళ్లీ ప్రశ్న వేయించండి, ఈసారి రెండుగా. రోడ్డు రవాణా శాఖకు ఒకటి: ఫలానా రహదారి, ఫలానా గ్రామం దగ్గర బైపాస్ అలైన్‌మెంట్ ఆమోదమైందా, అయితే ఏ తేదీన, 3ఎ నోటిఫికేషన్ వచ్చిందా, వస్తే గెజిట్ నంబరు ఏది. సంస్కృతి శాఖకు రెండోది: ఫలానా కట్టడం రక్షిత హద్దు ఏ సర్వే నంబర్లలో ఉంది, ఈ బైపాస్ కోసం నిరభ్యంతర పత్రం అడిగారా, ఏ తేదీన. "ప్రభుత్వం ఏం చర్యలు తీసుకుంటోంది" అన్న వాక్యం ఎక్కడా రాయకండి. దానికే ఆ పేరా పుడుతుంది. ఊళ్లో ఎవరైనా ఇప్పటికే కోర్టుకు వెళ్లి ఉంటే ముందే చెప్పండి, కోర్టులో ఉన్న విషయం మీద ప్రశ్న అనుమతించరు.

అదే రోజు, ఎంపీ గారి కోసం ఎదురుచూడకుండా, ప్రాజెక్టు ఆఫీసుకు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. కేంద్ర ఆఫీసు అయితే పది రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. సభలో ఇచ్చిన జవాబు నంబరు, తేదీ రాసి, ఆ జవాబు తయారుచేయడానికి మీ ఆఫీసు నుంచి పంపిన నోట్ నకలు, దానితో జతచేసిన అలైన్‌మెంట్ మ్యాపు ఇవ్వండి అని అడగండి. నేను పైన చెప్పిన రాత్రి తొమ్మిది గంటల కాగితాలు అవే. మ్యాపు చేతికొచ్చాక లైసెన్సున్న సర్వేయర్‌తో మీ ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం) మీద, తెలంగాణ వాళ్లయితే టిప్పన్ మీద, గీయించుకుంటే మీ రెండెకరాల్లో ఎన్ని సెంట్లు గీత కిందికి వస్తాయో తెలిసిపోతుంది. ఈలోగా వారానికోసారి ఈ-గెజిట్ సైట్లో మీ జిల్లా పేరుతో వెతకండి. పట్టాదారు పాసుపుస్తకంలో మీ నాన్నగారి పేరే ఇంకా ఉంటే విరాసత్ (వారసుల పేరు మార్పిడి) ఇప్పుడే చేయించుకోండి, 3ఎలో పాత పేరు పడితే పరిహారం చెక్కు దగ్గర నెలల తరబడి తిరగాల్సి వస్తుంది.